నిలబడిపోయిన ఒక్క పిన్ను

గత సీజన్‌లో ఒక రాత్రి టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే పొడవాటి దారి మీద బంతి దొర్లించి, అటు చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట) లీగ్‌లో నా స్కోర్లు వరుసగా 213, 148, 171. మొదటి ఆటను మా జట్టు 74 పిన్నుల తేడాతో గెలిచింది, రెండోదాన్ని 19 పిన్నుల తేడాతో పోగొట్టుకుంది, మూడోది కూడా చేజారింది. బంతిని సంచిలో పెట్టుకుంటుండగా జట్టులో అందరికన్నా పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. "మొదటి ఆటలో 74 మిగిలాయి, రెండో ఆటలో 19 తక్కువయ్యాయి. అక్కడి మిగులు తెచ్చి ఇక్కడ కలుపుకోవడానికి లేదు కదయ్యా" అన్నారు. నన్ను తప్పుపట్టాలని అన్న మాట కాదది, లీగ్ ఎలా నడుస్తుందో చెప్పారంతే. కానీ ఆ మాట చాలా రోజులు నన్ను వదలలేదు.

అప్పటిదాకా నా ఆటను నేను నా మంచి రాత్రులతో కొలుచుకునేవాణ్ణి. 213 చేసినవాడు 148 చేశాడంటే ఆ పూట ఏదో కలిసిరాలేదని, నా అసలు స్థాయి 213 దగ్గరే ఉందని, దాన్ని ప్రతిసారీ బయటికి తేగలిగితే చాలని నమ్మేవాణ్ణి. స్ట్రైక్ (మొదటి బంతికే పది పిన్నులూ పడడం) పడిన బంతిని గుర్తుపెట్టుకుని మళ్లీ అలాగే వేయాలని చూడడం, స్ట్రైక్‌లు తగ్గినప్పుడు బంతిని ఇంకొంచెం తిప్పాలని చూడడం, సాధనకు దొరికిన గంటంతా నిండు పిన్నుల మీదికే వేయడం: నిలకడ కోసం నేను చేసిన ప్రయత్నమంతా ఆ నమ్మకం మీదే సాగింది. ఏడాది తరువాత ఇప్పుడు నా అభిప్రాయం వేరు. లీగ్ ఆటగాడి నిలకడ స్ట్రైక్‌లో లేదు. మొదటి బంతి అనుకున్నట్టు పడని ఫ్రేమ్‌లో, అంటే ఆటలోని పది వంతుల్లో అలాంటి వంతులో, ఒకటో రెండో పిన్నులు ఇంకా నిలబడి ఉన్నప్పుడు, అతను రెండో బంతిని ఎలా వేస్తాడన్న దానిలో ఉంది. ఇదేమీ కొత్త మాట కాదు, నేర్పేవాళ్లందరూ మొదటి రోజే చెప్పే మాట. చెవిన పడిన మాటను నేను ఇన్నేళ్లు ఎందుకు నమ్మలేదో, నమ్మిన తరువాత కూడా దానిమీద నాకు ఏయే సందేహాలు మిగిలి ఉన్నాయో రాయాలనిపించింది.

162, 190

నన్ను మార్చింది ఒక చిన్న లెక్క. ఒక ఆటలో మొదటి నాలుగు ఫ్రేమ్‌లూ వరుసగా స్ట్రైక్‌లు పడ్డాయనుకుందాం. తరువాతి ఆరు ఫ్రేమ్‌లలో ప్రతిసారీ మొదటి బంతికి తొమ్మిది పడి, మిగిలిన ఒక్కటి తప్పిపోయిందనుకుందాం. స్ట్రైక్‌కు పదితో పాటు తరువాతి రెండు బంతుల పిన్నులు కూడా కలుస్తాయి కనుక మొదటి రెండు ఫ్రేమ్‌లకు 30 చొప్పున, మూడోదానికి 29, నాలుగోదానికి 19, మిగిలిన ఆరింటికి తొమ్మిదేసి చొప్పున 54, మొత్తం 162. ఇప్పుడు ఒక్క స్ట్రైక్ కూడా లేని ఆటను తీసుకుందాం. పది ఫ్రేమ్‌లలోనూ మొదటి బంతికి తొమ్మిది, రెండో బంతికి ఆ మిగిలిన ఒక్కటి, చివరి అదనపు బంతికి మళ్లీ తొమ్మిది. ఇలా రెండో బంతితో పదీ పూర్తయితే దాన్ని స్పేర్ అంటారు, తరువాతి బంతి పిన్నులు దానికి కలుస్తాయి కనుక ఫ్రేమ్‌కు 19 చొప్పున మొత్తం 190. నాలుగు వరుస స్ట్రైక్‌లు పడుతున్నప్పుడు పక్క లేన్‌ల వాళ్లు కూడా ఆగి చూస్తారు. రెండో ఆటను మాత్రం సొంత జట్టువాళ్లు కూడా చివరి ఫ్రేమ్ దాకా పట్టించుకోరు. అయినా రెండో ఆటే 28 పిన్నులు ఎక్కువ.

ఒంటి పిన్ను తప్పితే పోయేది ఒక్క పిన్నేనన్న భావన మనసులో ఎక్కడో పాతుకుపోయి ఉంటుంది. స్పేర్‌కు తరువాతి బంతి పిన్నులు కూడా కలుస్తాయి కనుక, ఆ బంతికి ఎనిమిదో తొమ్మిదో పడతాయనుకున్నా అసలు నష్టం తొమ్మిది పది పిన్నులు. ఆ బంతి స్ట్రైక్ అయితే నష్టం 11, అంతకుముందు ఫ్రేమ్ కూడా స్ట్రైక్ అయి ఉంటే 12. తెర మీద మాత్రం తొమ్మిది అంకె పక్కన ఒక చిన్న గీత తప్ప మరేమీ కనిపించదు.

ఈ లెక్క తేలాక నా పాత స్కోరు కాగితాలు ముందేసుకున్నాను. 12 రాత్రులవి, అంటే 36 ఆటలవి దొరికాయి. ఏ పిన్ను మిగిలిందో కూడా చూపించే కాగితాలు కనుక పని సులువయింది. సగటు 168. స్ప్లిట్‌లను (మధ్యలో ఖాళీతో విడివిడిగా పిన్నులు మిగిలినవాటిని) పక్కన పెట్టి, మొదటి బంతి తరువాత ఒంటి పిన్ను మిగిలిన సందర్భాలను లెక్కపెడితే 131 వచ్చాయి. వాటిలో తీసినవి 79, తప్పినవి 52. ఆటకు దాదాపు ఒకటిన్నర, పిన్నుల లెక్కలో ఆటకు పద్నాలుగో పదిహేనో. ఆ 52లో 29 సార్లు తప్పింది పదో పిన్నే, అంటే వెనక వరసలో కుడి చివర నిలబడేదే. పెద్దాయన మాట్లాడిన ఆ 148 ఆటను విడిగా చూశాను. అందులో ఒంటి పిన్నులు మూడు తప్పాయి. 19 పిన్నుల తేడాతో ఓడిన ఆటలో వాటిలో రెండు తీసి ఉంటే సరిపోయేది.

ఇంత తేలికగా కళ్లముందున్న నష్టం ఇన్నాళ్లు కనబడకపోవడానికి కారణం నాకు ఒక వీడియోలో దొరికింది. జట్టులోని ఒక కుర్రవాడు నా ఆట మొత్తాన్ని ఫోన్‌లో తీశాడు. నేను నా చేతి కదలికను చూసుకోవాలని అడిగి తీయించుకున్నది అది. చూస్తే చేతికన్నా ముందు మరొకటి కనబడింది. మొదటి బంతికి ముందు నేను తువ్వాలుతో బంతి మీది నూనె తుడుస్తున్నాను, కాళ్లు ఏ బోర్డు (నిడివిన పరిచిన సన్నటి పలక) మీద ఉన్నాయో వంగి చూసుకుంటున్నాను, ఊపిరి వదిలి కాసేపు నిలబడుతున్నాను. రెండో బంతికి అవేవీ లేవు. బంతి తిరిగి రాగానే ఎత్తుకుని, రెండు మూడు సెకన్లు కూడా నిలబడకుండా నడిచి వేసేస్తున్నాను. స్ట్రైక్ పడలేదన్న అసంతృప్తి ఇంకా ఒంట్లో ఉండగానే, ఆ ఫ్రేమ్‌ను ఎలాగో ముగించి వెళ్లి కూర్చోవాలన్న తొందర ఆ నడకలో స్పష్టంగా ఉంది. స్పేర్‌ను నేను ఆటలో భాగంగా చూడలేదు, తప్పు చేసినవాడు కట్టే జరిమానాలా చూశాను.

పదో పిన్ను

కుడిచేతి ఆటగాళ్లకు పదో పిన్ను గురించి చెప్పనక్కర్లేదు. అయినా దాని కొలతలు ఒకసారి వేసి చూసుకోవడం నాకు ఉపయోగపడింది. బంతి వ్యాసం సుమారు ఎనిమిదిన్నర అంగుళాలు, పిన్ను అత్యధిక వెడల్పు నాలుగు ముప్పావు. లేన్ మధ్యలో ఉన్న ఐదో పిన్ను ఒంటిగా నిలబడితే బంతి అటూ ఇటూ కలిపి సుమారు 13 అంగుళాల మేర ఎక్కడ వెళ్లినా దానికి తగులుతుంది. పదో పిన్ను కేంద్రం గట్టర్ (లేన్ పక్కనుండే కాలువ) అంచుకు మూడంగుళాల లోపే ఉంటుంది కనుక, కుడివైపు అవకాశం అక్కడితో ఆగిపోతుంది. మొత్తం తొమ్మిది అంగుళాల పైచిలుకు మిగులుతుంది. ఇది తక్కువేమీ కాదు. లేన్‌లో ఒక్కో బోర్డు అంగుళం కన్నా కొంచెం ఎక్కువ వెడల్పు ఉంటుంది. నిండు పిన్నుల్లో పాకెట్‌ను (ముందు పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య సందును) పట్టడానికి మనం ఒకటి రెండు బోర్డుల తేడా గురించి మాట్లాడుకుంటాం. పదో పిన్నుకు తొమ్మిది బోర్డులున్నాయి. కష్టం కొలతలో లేదు, పక్కనే ఉన్న గట్టర్‌ను చూసినప్పుడు మనసులో పుట్టే భయంలో ఉంది.

పైగా ఆ పిన్ను నిలబడే తీరు కూడా మనిషిని కుదురుగా ఉండనివ్వదు. కుడిచేతి బంతి పాకెట్‌లో సరిగా పడినప్పుడు నేరుగా తాకేవి నాలుగు పిన్నులే: ఒకటి, మూడు, ఐదు, తొమ్మిది. ఒకటి రెండును, రెండు నాలుగును, నాలుగు ఏడును పడగొడతాయి. ఐదు ఎనిమిదిని పడేస్తుంది. మూడు ఆరును, ఆరు పదిని పడేయాలి. ఆ చివరి గొలుసులోనే తేడా వస్తుంది. కొన్నిసార్లు ఆరో పిన్ను వేగంగా లేచి పదో పిన్ను మెడ పక్కనుంచి దూసుకుపోతుంది. కొన్నిసార్లు బలం లేకుండా వచ్చి దాని ముందు గట్టర్‌లో వాలిపోతుంది. మొదటిది జరిగితే మంచి బంతికి కూడా అప్పుడప్పుడు అంతేనని ఊరుకోవచ్చు. రెండోది రెండుమూడుసార్లు జరిగితే బంతి పిన్నుల దగ్గరికి చేరేసరికి శక్తి కోల్పోయి వస్తోందని, వేగమో కోణమో మార్చుకోవాలని అర్థం. నేను చాలాకాలం ఈ రెండింటినీ ఒకే అన్యాయంగా చూశాను. పాకెట్‌లో పడిన బంతికి పిన్ను మిగిలిందన్న కోపంతో దాని మీదికి వేసిన బంతి ఎలా వెళ్తుందో ఆటగాళ్లకు తెలుసు.

మొదట చేసిన మార్పు బంతిది. లేన్ మీద మలుపు తీసుకునే రియాక్టివ్ రెజిన్ బంతితోనే స్పేర్‌లు కూడా తీస్తూ వచ్చాను. ఒకే బంతితో అన్నీ చేయగలగడం నైపుణ్యమన్న భావన దానికి కారణం. ఆ బంతి ఎంత మలుపు తీసుకుంటుందో లేన్ మీది నూనె నిర్ణయిస్తుంది, నూనె గంటగంటకూ మారుతుంది. అంటే ఒంటి పిన్నును తీయడానికి నేను ఒక తెలియని అంశాన్ని నా అంతట నేనే వెంటబెట్టుకుని వెళ్తున్నాను. నూనె ఎక్కడుందో, ఎక్కడ లేదో దాదాపు పట్టించుకోకుండా తిన్నగా వెళ్లే ప్లాస్టిక్ బంతి ఒకటి తీసుకున్నాక ఆ అంశం లెక్కలోంచి తొలగిపోయింది. బంతి కొన్నంత మాత్రాన పిన్నులు పడవన్నది నిజమే. మొదటి నెలలో ప్లాస్టిక్ బంతితో కూడా నేను పదో పిన్నును సగానికి సగం తప్పాను. కానీ ఆ తప్పులు నావేనని, లేన్‌వి కావని మొదటిసారి తెలిసింది.

కాలిని చూసుకో

ఒక సాయంత్రం సాధనలో పదో పిన్ను మీదికి వరుసగా వేస్తున్నాను. గురి కోసం లేన్ మీద ఉండే బాణాల్లో మధ్య బాణం గుర్తు మీదుగా పంపాలని గురి. బంతి ప్రతిసారీ దాని మీదుగానే వెళ్తోంది, అయినా నాలుగింట మూడుసార్లు పిన్నుకు ఎడమవైపునుంచి పోతోంది. గురి తప్పనప్పుడు పిన్ను ఎలా తప్పుతుందో నాకు అంతుబట్టలేదు. వెనక కూర్చుని చూస్తున్న పెద్దాయన, "పిన్నును కాదయ్యా, వేశాక అక్కడే ఆగి నీ కాలిని చూసుకో" అన్నారు.

చూసుకున్నాను. నిలబడేటప్పుడు ఎడమకాలు కుడి అంచునుంచి లెక్కపెడితే 35వ బోర్డు మీద ఉంది. నాలుగు అడుగులు నడిచి, జారి, ఆగినప్పుడు బూటు మొన 32వ బోర్డు మీద ఉంది. మరో బంతి వేసి చూశాను, మళ్లీ 32. ఇంకోసారి 31. తిన్నగా నడుస్తున్నానని నేను ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి, నా ఒళ్లు మాత్రం ప్రతిసారీ లేన్ మధ్యకు ఒరుగుతోంది.

దీని ఫలితం ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు కాలు దాటకూడని గీత) నుంచి మధ్య బాణం గుర్తు సుమారు 15 అడుగుల దూరం, ముందు పిన్ను 60 అడుగులు. గుర్తు దాటిన తరువాత బంతి వెళ్లాల్సింది అంతకు మూడు రెట్లు. బంతిని వదిలే చోటు మూడు బోర్డులు కుడికి జరిగితే, గురి మీద అచ్చంగా ఆనినా, పిన్నుల దగ్గర అది తొమ్మిది బోర్డులు ఎడమకు వెళ్తుంది. పదో పిన్నుకు నాకున్న మొత్తం వెడల్పు అంతే. నేను గురిని కాపాడుకుంటూ పిన్నును పోగొట్టుకుంటున్నాను. గట్టర్ భయం చేతిలో ఉంటుందనుకున్నాను, అది కాళ్లలో ఉంది.

ఆ రోజునుంచి ప్రతి బంతి తరువాత ఆగి కాలిని చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. చెప్పినంత తేలిక కాదది. బంతి పిన్నులను చేరడానికి రెండున్నర సెకన్లు పడుతుంది. ఆ రెండున్నర సెకన్లు పిన్నుల మీదనుంచి చూపు తిప్పడానికి మనసొప్పదు, చప్పుడు వినబడగానే తల దానంతట అదే లేస్తుంది. అందుకే ముందు చప్పుడు దాకా చూసి, ఆ తరువాత కాలు కదపకుండా కిందికి చూసే పద్ధతి పెట్టుకున్నాను. కాలు కదలకుండా అంతసేపు నిలవాలంటే ఒళ్లు తూకంగా ఉండాలి, తూకం లేకపోతే అడుగు పక్కకు పడిపోతుంది. కాలిని చూసుకోవడానికి చేసిన పని బంతిని వదిలేటప్పటి నిలకడను కూడా కొంత సరిచేసింది. ఇది నేను ఆశించి చేసింది కాదు.

ఇక్కడే బొటనవేలి సంగతి కూడా చెప్పాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు కనుక. ఆట సాగేకొద్దీ కొందరి బొటనవేలు ఉబ్బుతుంది, కొందరిది సన్నబడుతుంది. నాది మొదటి ఆటలో సన్నగా ఉండి రెండో ఆట మధ్యకు ఉబ్బుతుంది. రంధ్రం వదులైనప్పుడు బంతి జారిపోతుందేమోనని చెయ్యి తెలియకుండానే బిగుస్తుంది. బిగిసిన చెయ్యి బంతిని ఆలస్యంగా వదులుతుంది. ఇప్పుడు రంధ్రంలో రెండు మూడు టేపు ముక్కలు అంటించి మొదలుపెట్టి, ఇరుకనిపించగానే ఒకటి పీకేస్తాను. నా రెండో ఆటలు మొదటివాటికన్నా ఎప్పుడూ తక్కువగా ఉండడానికి ఏకాగ్రత లోపమని పేరు పెట్టుకున్నదానిలో కొంత భాగం ఆ టేపు ముక్కదే.

లేన్ నిలకడగా ఉండనప్పుడు

ఇంతవరకు రాసింది చదివి, నిలకడ అంటే ప్రతిదీ ఒకేలా చేయడమని నేను అంటున్నానని ఎవరైనా అనుకోవచ్చు. కొంతకాలం నేనూ అలాగే అనుకున్నాను. ఎర్ల్ ఆంథనీ ఆటను పాత రికార్డింగుల్లో చూసినవాళ్లకు అలా అనిపించడం సహజం. 1975లో ఒకే సీజన్‌లో లక్ష డాలర్లు దాటిన తొలి ప్రొఫెషనల్ బౌలర్ ఆయన. ఆ ఎడమచేతి ఊపులో ఒక బంతికీ మరో బంతికీ తేడా కనిపెట్టడం కష్టం. కానీ ఆ ఊపును మాత్రమే చూసేవాళ్లు ఆయన నిలబడే చోటు ఎలా మారుతూ వచ్చిందో చూడరు.

మామూలు లీగ్ లేన్‌కు 40 అడుగుల వరకు నూనె రాస్తారు, మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. మిగిలిన భాగం పొడిగా ఉంటుంది. గురి తప్పి బంతి బయటికి వెళ్తే పొడి చోటు దాన్ని మళ్లీ లోపలికి తెస్తుంది, లోపలికి వెళ్తే నూనె దాన్ని జార్చి నిలబెడుతుంది. మన కచ్చితత్వమని మనం గర్వపడేదానిలో కొంత ఆ నూనె మనకు ఇచ్చిన వెసులుబాటు. 1982 జూలై 1న గ్లెన్ ఆలిసన్ మూడు ఆటల్లోనూ వరుసగా 300 చేసి, 36 స్ట్రైక్‌లతో 900 పూర్తిచేసినప్పుడు, లేన్ మీద నూనె రాసిన తీరు నిబంధనలకు లోబడి లేదంటూ అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ దాన్ని రికార్డుగా గుర్తించలేదు. ఆ నిర్ణయం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. లేన్ ఎంత తేడా తేగలదో ఆ సంస్థకు తెలుసన్నది మాత్రం స్పష్టం.

ఆ వెసులుబాటు రాత్రంతా ఉండదు. రెండు జట్ల బంతులు ఒకే దారిలో వెళ్తూ ఆ దారిలోని నూనెను లాగేస్తాయి. మూడో ఆటకు నా బంతి ముందే మలుపు తీసుకుని ముందు పిన్నును నిండుగా తాకుతుంది, నాలుగో పిన్నో స్ప్లిట్టో మిగులుతుంది. అప్పుడు మొదటి ఆటలో స్ట్రైక్ ఇచ్చిన బంతినే అచ్చంగా మళ్లీ వేసేవాడు నిలకడగా తప్పుతాడు. రెండు బోర్డులు ఎడమకు నిలబడి, గురిని ఒక బోర్డు ఎడమకు జరుపుకోవాలని అందరికీ తెలుసు; కానీ ఎప్పుడన్నదే చిక్కు. ఒక్క బంతి ఎక్కువ తిరిగితే అది లేన్ మార్పో, నా చేతి తప్పో తేల్చుకోలేక, నేను వెంటనే జరిగేవాణ్ణి. నా తప్పుకు లేన్‌ను శిక్షించి, తరువాతి బంతిని సరిగా వేసి, జరిగినందువల్ల మళ్లీ తప్పేవాణ్ణి. కాలిని చూసుకోవడం ఇక్కడ నాకు ఊహించనంత సాయం చేసింది. కాలు ఆగాల్సిన చోటే ఆగి, బంతి గురి మీదుగానే వెళ్లి, అయినా ఎక్కువ తిరిగితే అది లేన్; జరుగుతాను. కాలు తప్పితే అది నేను, జరగను. మునుపు ఊహగా ఉన్న నిర్ణయానికి ఇప్పుడు కనీసం ఒక సాక్ష్యం ఉంది.

లీగ్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ లేన్ మారాలి, ఎడమది ఒకసారి, కుడిది ఒకసారి. రెండూ ఒకేలా ఉండవు. నా సాధన మాత్రం ఎప్పుడూ ఒకే లేన్ మీద, బంతి తరువాత బంతిగా సాగేది. ఇరవయ్యో బంతికి ఒళ్లు వేడెక్కి, కళ్లు ఆ దారికి అలవాటుపడి, అద్భుతంగా వేస్తున్నాననిపించేది. లీగ్ రాత్రి ఆ ఇరవయ్యో బంతి రాదు. నలుగురైదుగురు వేశాక మన వంతు, ఆ లోపు ఒళ్లు చల్లబడుతుంది, లేన్ మారుతుంది, రాగానే ఒకే బంతితో సరిగా వేయాలి. ఇప్పుడు సాధనలో రెండు మూడు బంతులకు ఒకసారి కూర్చుని లేస్తున్నాను. స్కోరు తక్కువ వస్తుంది, సంతోషం కూడా తక్కువే. నేర్చుకోవడం ఎక్కువని నా నమ్మకం, రుజువు నా దగ్గర లేదు.

నాకు ఎదురుగా ఉన్న వాదనలు

వీటిలో బలమైనది స్ట్రైక్ వాదన. స్పేర్‌లన్నీ తీసినా 190 దగ్గర ఆగిపోతామని, స్ట్రైక్‌లు లేకుండా 200 దాటలేమని అంటారు. నిజమే. ఒక స్ట్రైక్, ఒక స్పేర్ చొప్పున మార్చి మార్చి వేస్తే సరిగ్గా 200 వస్తుంది. అందులో సగం స్ట్రైక్‌లే. రెండు చేతులతో బంతిని విపరీతంగా తిప్పే జేసన్ బెల్మాంటే మేజర్ టైటిళ్లలో రికార్డు సాధించాడంటే, పిన్నులను చెల్లాచెదురు చేసే శక్తి ఈ ఆటను ఎంత మార్చిందో తెలుస్తుంది. 200 సగటుతో ఆడేవాడు ఈ వ్యాసం చదివితే నా వాదన అతనికి కొంతవరకే వర్తిస్తుందని ఒప్పుకుంటాను. కానీ అతను ఒంటి పిన్నులను ఎప్పుడో వదిలించుకుని ఉంటాడు. 47 పీబీఏ (ప్రొఫెషనల్ బౌలర్ల సంఘం) టైటిళ్లు గెలిచిన వాల్టర్ రే విలియమ్స్ జూనియర్‌ను తోటి ఆటగాళ్లు ముందుగా మెచ్చుకునేది స్పేర్‌ల కచ్చితత్వానికే. 160, 170ల్లో ఉన్న మేము మాత్రం పైకప్పు ఎత్తు గురించి వాదిస్తూ నేల మీది గుంటలను వదిలేస్తున్నాం.

రెండో వాదన హ్యాండిక్యాప్ గురించి. సగటు తక్కువైతే జట్టుకు అదనపు పిన్నులు కలుస్తాయి కదా, ఎగుడుదిగుడు ఆటగాడి వల్ల నష్టమేముంది, అతని పెద్ద రాత్రి జట్టును గెలిపిస్తుంది కదా అని మా జట్టులోనే ఒకరు అన్నారు. దీనికి జవాబు పెద్దాయన మొదటి రోజే చెప్పారు. ఆటకు పాయింట్లు గెలుపుకే, తేడాకు కాదు. 74తో గెలిచినా ఒకటితో గెలిచినా అవే పాయింట్లు. నా 213లో అవసరానికి మించినవి మొత్తం స్కోరుకు ఇచ్చే పాయింటులో తప్ప ఇంకెక్కడా అక్కరకు రావు, నా 148లో తగ్గినవి మాత్రం పూర్తిగా లెక్కకు వస్తాయి. సగటు ఒకటే అయినా, 175 చుట్టూ తిరిగేవాడి పక్కన ఉన్నప్పుడు మిగతా నలుగురు ఎంత నిశ్చింతగా ఆడతారో నేను చూశాను.

మూడోది నా సొంత సందేహం. రెండో బంతి మీద ఇంత శ్రద్ధ పెట్టడం మొదటి బంతిని పిరికిగా మారుస్తుందా? ఈ సీజన్ మధ్యలో కొన్ని వారాలు నా స్ట్రైక్‌లు తగ్గాయి. తొమ్మిది పడితే చాలు, మిగిలింది తీస్తానన్న ధీమాతో మొదటి బంతిని మెత్తగా వేస్తున్నానని పెద్దాయనే గుర్తించారు. ధైర్యం ఎటువైపు పనిచేయాలో తలకిందులయింది. స్పేర్ మీద నమ్మకం మొదటి బంతిని నిర్భయంగా వేయడానికి ఉపయోగపడాలి, నాకు అది తప్పించుకునే దారిగా మారింది. దీన్ని నేను పూర్తిగా సరిదిద్దుకున్నానని చెప్పలేను.

ఈ సీజన్‌లో కూడా 36 ఆటల కాగితాలు దాచాను. ఒంటి పిన్నులు 127 మిగిలితే 98 తీశాను. సగటు 168 నుంచి 176కు వచ్చింది. నాకు దానికన్నా ముఖ్యంగా తోచింది కనిష్ఠ స్కోరు: గత సీజన్‌లో 127, ఈసారి 151. గరిష్ఠం మాత్రం పెరగలేదు, 213 దగ్గరే ఉంది. పదో పిన్ను తప్పులు 29 నుంచి 12కు తగ్గాయి.

చివరి రాత్రి ఏడో పిన్ను, వెనక వరసలో ఎడమ చివరది, రెండుసార్లు మిగిలింది. పదో పిన్నుతో ఏడాది గడిపినవాణ్ణి కనుక దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కుడివైపు నిలబడి, ప్లాస్టిక్ బంతితో, గురి మీదుగానే వేశాను. రెండుసార్లూ బంతి పిన్నుకు కుడివైపునుంచి వెళ్లింది. రెండోసారి తప్పాక కాలు కదపకుండా కిందికి చూసుకున్నాను. 15వ బోర్డు మీద మొదలైన కాలు 18వ బోర్డు మీద ఆగి ఉంది.